హద్దు ఎవరు దాటారు?

ధారావాహిక: సర్కారు కొలువు, నిజం ఖరీదు – 7వ భాగం

తమ్మిలేరు పెద్ద నది కాదు. ఖమ్మం వైపు నుంచి దిగి, చింతలపూడి మెట్టను దాటి, ఏలూరు దగ్గర రెండు పాయలుగా చీలి కొల్లేట్లో కలుస్తుంది. ఎండాకాలంలో చాలాచోట్ల ఇసుక మేటలు తప్ప నీటి చుక్క కనిపించదు. గట్టిగా నాలుగు వానలు పడితే మాత్రం ఏలూరు వాళ్లకు నిద్ర ఉండదు. గోదావరి ఇసుకకు ఉన్న పేరు దీని ఇసుకకు లేకపోయినా ఊరికి దగ్గర, రవాణా ఖర్చు తక్కువ. ఇల్లు కట్టుకునేవాడికి, ట్రాక్టరు నడిపేవాడికి అంతకన్నా ఏం కావాలి?

2015లో ఆ ఏటికి ఒక పక్క కృష్ణా జిల్లా ముసునూరు మండలం, మరో పక్క పశ్చిమ గోదావరి. ఏటి మధ్యలో సర్వే రాళ్లు ఉండవు. ఏ బొచ్చె ఇసుక ఏ జిల్లాదో పొక్లెయిన్ నడిపేవాడికి తెలియదు, అతనికి ఆ అవసరమూ లేదు. కానీ ఆ ఏడాది జూలై 8 తర్వాత రాష్ట్రమంతా ఆ కనిపించని గీత గురించే మాట్లాడుకుంది.

ఆ రోజు ముసునూరు తహసీల్దారు డి. వనజాక్షి తన సిబ్బందితో రంగంపేట దగ్గర ఏట్లోకి దిగారు. అక్రమంగా ఇసుక తరలిస్తున్నారన్న సమాచారంతో వాహనాలను అడ్డుకున్నారు. దెందులూరు ఎమ్మెల్యే, అప్పటి ప్రభుత్వ విప్ చింతమనేని ప్రభాకర్ అక్కడికి వచ్చారని, ఆయన అనుచరులు తనను ఇసుకలో ఈడ్చిపడేశారని, సిబ్బందిపైనా చేయి చేసుకున్నారని ఆమె ఫిర్యాదు చేశారు. ఎమ్మెల్యే ఆరోపణలను తోసిపుచ్చారు. ఆ రేవు డ్వాక్రా మహిళలదనీ, తహసీల్దారే తనది కాని హద్దులోకి వచ్చి గొడవ పెట్టుకున్నారనీ ఆయన వాదన. ఏటి ఒడ్డున జరిగిన పెనుగులాట దృశ్యాలు ఆ సాయంత్రానికే టీవీల్లో తిరిగాయి. పోలీసులు కేసు నమోదు చేశారు. రెవెన్యూ ఉద్యోగులు కలాలు పక్కన పెట్టారు, తహసీల్దారు కార్యాలయాలు మూతపడ్డాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అప్పుడు జపాన్ పర్యటనలో ఉన్నారు. తిరిగొచ్చాక సంఘాల నాయకులతో, తహసీల్దారుతో మాట్లాడారు. విచారణ జరిపిస్తామని హామీ ఇచ్చారు. ఆందోళన ఆగింది.

ఇంతవరకూ ఇది దాడి కథ. ఈ ధారావాహికకు కావలసిన కథ ఆ తర్వాత మొదలవుతుంది.

అదే నెలలో గోదావరి పుష్కరాలు నడుస్తుండగా మంత్రివర్గం రాజమండ్రిలో సమావేశమైంది. తహసీల్దారు పొరుగు జిల్లా పరిధిలోకి వెళ్లారన్న మాట ఆ సమావేశంలో గట్టిగా వినిపించిందని మర్నాటి పత్రికలు రాశాయి. గమనించండి. ఇసుక ఎవరు తవ్వారు, ఎన్ని లారీలు పోయాయి, ఎవరి అనుమతితో పోయాయి అన్నవి జూలై 8 నాటి ప్రశ్నలు. రెండు వారాలు తిరిగేసరికి వాటి జాగాలో ఒకే ఒక ప్రశ్న కూర్చుంది: ఆమె ఏ జిల్లాలో నిలబడ్డారు? తప్పు ఎత్తిచూపిన ఉద్యోగికి సమాధానం చెప్పడం కష్టమైనప్పుడు ప్రభుత్వాలు చేసే మొదటి పని ఇదే. సమాధానం వెతకవు, ప్రశ్నను మార్చేస్తాయి.

న్యాయంగా చెప్పాలంటే వనజాక్షిని సస్పెండ్ చేయలేదు. ఆమె తర్వాత కూడా ఉద్యోగంలో కొనసాగారు. ఇసుక విధానం సంగతి మాత్రం ఏమైందో చూడాలి. 2014లో మహిళా సంఘాల చేతికి ఇసుక రేవులు అప్పగించిన పద్ధతిని ప్రభుత్వమే రెండేళ్లు నిండకుండా రద్దు చేసి, 2016 మార్చిలో ఉచిత ఇసుక ప్రకటించింది. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అక్రమ ఇసుక తవ్వకాలను అరికట్టనందుకు రాష్ట్రం 100 కోట్ల రూపాయలు జమ చేయాలని ఆదేశించింది. అంటే ఇసుక విషయంలో ఏదో తేడాగా ఉందన్న తహసీల్దారు అనుమానం అంత నిరాధారమేమీ కాదు. ఇక ఆ హద్దు సంగతి: 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు ముసునూరు మండలం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. 2015లో ఆమె దాటారన్న గీతను ప్రభుత్వమే ఒక గెజిట్ నోటిఫికేషన్‌తో చెరిపేసింది.

*

ప్రశ్నను మార్చే విద్య మనకు స్వాతంత్ర్యం తర్వాత వచ్చింది కాదు. గత వారం మాల్కం లూయిన్ గురించి చెప్పుకున్నాం. మద్రాసు సదర్ అదాలత్‌లో న్యాయమూర్తి, కంపెనీ దొరల్లో పెద్ద హోదా. 1840లలో గవర్నరు ట్వీడేల్ ప్రభుత్వంతో తగువు పడి పదవి పోగొట్టుకున్నాడు. ఇంగ్లండు చేరాక ఊరుకోలేదు. శిస్తు వసూలు కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో రైతులను చిత్రహింసలు పెడుతున్నారని కరపత్రాలు అచ్చేశాడు. ఇక్కడ తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి అదే సంగతిని పార్లమెంటు దాకా తీసుకెళ్లాడు. చివరికి విచారణ సంఘం వేయక తప్పలేదు. 1855లో నివేదిక వచ్చింది. హింస నిజమేనని ఒప్పుకుంది. వేళ్లను నొక్కే కిట్టి దగ్గర్నుంచి మెడను కాళ్లకు వంచి కట్టడం దాకా పద్ధతులన్నీ వివరంగా రాసింది.

కానీ తప్పు ఎవరి ఖాతాలో వేసింది? నేటివు తాబేదార్ల ఖాతాలో. తెల్ల కలెక్టర్లకు దీనితో సంబంధం లేదంది. శిస్తు అంత ఎక్కువగా ఎందుకుంది, దాన్ని రాబట్టమని ఒత్తిడి ఎవరు తెచ్చారు అన్నది లూయిన్ లాంటివాళ్లు వేసిన ప్రశ్న. కిట్టి ఎవరి చేతుల్లో ఉంది అన్నది సంఘం జవాబిచ్చిన ప్రశ్న. రెండూ వేర్వేరు. అప్పటి రాజమండ్రి, మచిలీపట్నం జిల్లాల్లో, అంటే ఇవాళ్టి ఏలూరు చుట్టుపక్కల పల్లెల్లో, కచేరీ అంటే రైతుకు ఉన్న భయం ఆ నివేదికతో ఒక్క రోజులో పోలేదు.

*

ఈ విద్యలో ఆరితేరినవాళ్లను చూడాలంటే కాసేపు వాషింగ్టన్ వెళ్లాలి.

ఎర్నెస్ట్ ఫిట్జ్‌జెరాల్డ్ అమెరికా వైమానిక దళంలో ఖర్చులు లెక్కగట్టే అధికారి. సైన్యం కోసం లాక్‌హీడ్ కంపెనీ సీ-5ఏ అనే భారీ రవాణా విమానాలు తయారు చేస్తోంది. 1968 నవంబరు 13న సెనేటర్ ప్రాక్స్‌మైర్ నడిపిన కాంగ్రెస్ సంఘం ముందు ఆయన సాక్ష్యం చెప్పాడు. అనుకున్నదానికన్నా ఖర్చు దాదాపు 200 కోట్ల డాలర్లు పెరుగుతోందని ఒప్పుకున్నాడు. పై అధికారులు చెప్పవద్దన్న సంగతి అది. రహస్య పత్రాలేవీ దొంగిలించలేదు, పత్రికలకు చాటుగా చేరవేయలేదు. అడిగితే నిజం చెప్పాడు, అంతే.

అంతకు కొద్ది వారాల ముందే ఆయన ఉద్యోగం పర్మనెంటు అయిందని కాగితం వచ్చింది. సాక్ష్యం చెప్పిన రెండు వారాల్లోపే ఇంకో కాగితం వచ్చింది: మొదటిది కంప్యూటర్ పొరపాటట. కోట్ల డాలర్ల ఆయుధాల లెక్కలు చూసే మనిషిని తీసుకెళ్లి థాయ్‌లాండ్‌లోని సైనిక స్థావరంలో బౌలింగ్ ఆట శాలల ఖర్చు లెక్కలు చూడమన్నారు. చివరికి పొదుపు చర్యల్లో భాగంగా ఆ పోస్టే అవసరం లేదని రద్దు చేశారు. దుబారాను బయటపెట్టినవాణ్ణి పొదుపు పేరుతో పంపించేశారు! అతన్ని తీసేయమని చెప్పింది తానేనని అధ్యక్షుడు నిక్సన్ తన మనుషుల దగ్గర గొప్పగా చెప్పుకున్న మాటలు టేపుల్లో రికార్డయి ఉన్నాయి. 1973లో సివిల్ సర్వీస్ కమిషన్ ఆయన్ను తిరిగి తీసుకోమంది. పాత హోదా పూర్తిగా దక్కడానికి 1982 దాకా పట్టింది. పద్నాలుగేళ్లు!

ఆయన్ను కొట్టలేదు, జైల్లో పెట్టలేదు. పొమ్మనలేక పొగబెట్టారు. బౌలింగ్ శాలల లెక్కలు చూడమన్న ఉత్తర్వులో చట్టవిరుద్ధమైనది ఒక్క అక్షరం లేదు. అదే అందులోని నేర్పు.

*

మన ఆఫీసుల్లో ఈ నేర్పుకు బోలెడు పేర్లున్నాయి. కలెక్టరేట్లో అడగండి, సచివాలయం క్యాంటీన్లో అడగండి, గడగడా అప్పజెబుతారు. ‘లూప్‌లైన్‌లో వేయడం’ అంటే పనిలేని కుర్చీలో కూర్చోబెట్టడం. ‘వెయిటింగ్‌లో పెట్టడం’ అంటే ఆ కుర్చీ కూడా ఇవ్వకపోవడం. ‘సరెండర్ చేయడం’ అంటే ఈ మనిషి మాకొద్దని మాతృశాఖకు తిప్పిపంపడం. ‘చార్జ్ మెమో’ ఇంకా చిత్రమైనది. పదేళ్ల కిందటి ట్రావెలింగ్ అలవెన్సు బిల్లులో తప్పు హఠాత్తుగా ఇప్పుడు గుర్తుకొస్తుంది. విచారణ సాగినంత కాలం ప్రమోషన్ ఆగిపోతుంది. విచారణ ఎందుకు సాగదు అని ఎవరూ అడగరు. సాగకపోవడమే దాని పని.

వీటన్నిటికన్నా పెద్ద ఆయుధం సస్పెన్షన్. మన రాష్ట్రంలో 1991 నాటి సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నిబంధనల కింద ఇది శిక్ష కాదు, విచారణకు వీలుగా ఉద్యోగిని తాత్కాలికంగా పక్కన పెట్టడం మాత్రమే. జీవనభృతి ఇస్తారు. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్స్ వదిలి వెళ్లకూడదు. ఇంటి పక్కవాళ్లకు, పిల్లల పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకు మాత్రం ఈ ‘శిక్ష కాదు’ అన్న ముక్క ఎవరు చెబుతారు? చార్జ్ షీటు ఇవ్వకుండా మూడు నెలలకు మించి సస్పెన్షన్‌లో ఉంచకూడదని అజయ్ కుమార్ చౌధరి కేసులో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అంతకు ముందు 2013లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో, పైవాళ్లు నోటిమాటగా ఇచ్చే ఆదేశాలను అధికారులు కాగితం మీద నమోదు చేయాలని, బదిలీలకు కనీస కాలపరిమితి ఉండాలని చెప్పింది. ఫోన్లో వచ్చిన ఆదేశాన్ని ఫైల్లో రాసిన తహసీల్దారు ఆ మండలంలో ఎన్నాళ్లుంటారో పాఠకులే ఊహించుకోవచ్చు.

హర్యానా అధికారి అశోక్ ఖేమ్కాది ఇందులో రికార్డు. 1991 బ్యాచ్ ఐఏఎస్. 2012లో రాబర్ట్ వాద్రా – డీఎల్ఎఫ్ భూమి లావాదేవీకి సంబంధించిన మ్యుటేషన్‌ను రద్దు చేసి దేశమంతటికీ తెలిశారు. 2025 ఏప్రిల్ 30న రిటైరయ్యేనాటికి 34 ఏళ్ల సర్వీసులో 57 బదిలీలు. సగటున ఏడు నెలలకోసారి పెట్టెలు సర్దుకున్నారన్నమాట. అందులో పురావస్తు శాఖ, పురాలేఖల శాఖ ఒకటికి రెండుసార్లు వచ్చాయి. చరిత్ర రాసేవాళ్లకు ఆర్కైవ్స్ అంటే తీర్థయాత్ర. ఐఏఎస్‌ను అక్కడికి పంపితే శిక్ష అని లోకం అనుకుంటుంది. పాత కాగితాల మీద ప్రభుత్వాలకున్న గౌరవం ఎంతో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఢిల్లీ ఎయిమ్స్‌లో ముఖ్య విజిలెన్స్ అధికారిగా అవినీతి కేసులు తవ్విన అటవీ సర్వీసు అధికారి సంజీవ్ చతుర్వేది అనుభవం మరో రకం. 2014లో ఆ బాధ్యత నుంచి తప్పించారు. 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఇంచుమించు అదే కాలానికి, 2015–16 సంవత్సరానికి, ఆయన వార్షిక పనితీరు నివేదికలో పైవాళ్లు వేసిన మార్కులు సున్నా.

*

ఇక మన రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లించిన మనిషి దగ్గరికి వద్దాం.

డాక్టర్ కె. సుధాకర్ అప్పటి విశాఖ జిల్లా నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు. కరోనా మొదటి వేవ్. మత్తు డాక్టరు పని రోగి నోటి దగ్గర, ముక్కు దగ్గర. గొట్టం వేసేటప్పుడు రోగి ఊపిరి నేరుగా ముఖానికి తగులుతుంది. ఆ డాక్టరుకు ఎన్95 మాస్కు ఎందుకు కావాలో వైద్యం చదవనివాళ్లకు కూడా అర్థమవుతుంది. 2020 ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మీడియా ముందు గట్టిగా అడిగారు. మాస్కులు లేవు, ఇచ్చిన ఒక్క మాస్కునే రోజుల తరబడి వాడమంటున్నారు, ఇలాగైతే మా ప్రాణాల సంగతేమిటి అన్నారు. ఏప్రిల్ 8న సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చింది. ప్రతిపక్ష పార్టీ నేత ఒకరి ఇంటికి వెళ్లొచ్చి మాట్లాడారని, రాజకీయం చేస్తున్నారని అధికార పక్షం ఆరోపించింది. అవే రోజుల్లో చిత్తూరు జిల్లా నగరి మున్సిపల్ కమిషనర్ కూడా వనరులు లేవని వీడియోలో చెప్పుకుని సస్పెండయ్యారు. సందేశం ఇద్దరికి వెళ్లింది, చేరవలసిందేమో కొన్ని వేలమందికి.

మాస్కులున్నాయా లేవా? దీనికి జవాబు చెప్పడం ఒక స్టోర్ కీపర్ పని. స్టాకు రిజిస్టరు తెరిచి అంకెలు చదివితే చాలు. కానీ జవాబు అటు నుంచి రాలేదు. డాక్టరు ఎవరింటికి వెళ్లారన్నది ప్రశ్నయింది.

మే 16న విశాఖ అక్కయ్యపాలెం దగ్గర జాతీయ రహదారి మీద ఆయన్ను పోలీసులు పట్టుకున్నారు. ఒంటిమీద చొక్కా లేదు. చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు. ఒక కానిస్టేబుల్ ఆయన్ను కొడుతున్న వీడియో రాష్ట్రమంతా తిరిగింది. తాగి రోడ్డు మీద గలభా చేస్తున్నాడని ఫోన్ వస్తే వెళ్లామని, డాక్టరని తర్వాతే తెలిసిందని పోలీసులు చెప్పారు. ఆ కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. డాక్టరును ముందు కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అక్కణ్ణుంచి చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపారు. నెలన్నర కిందట ఆపరేషన్ థియేటర్లో రోగులకు మత్తిచ్చిన మనిషి రోగిగా మంచం ఎక్కారు.

ఇక ప్రశ్న రెండోసారి మారింది. మాస్కుందా అన్నది పోయి, ఎవరింటికెళ్లాడు అన్నది వచ్చింది. అదీ పోయి, మనిషికి మతి స్థిమితం ఉందా అన్నది వచ్చింది.

తప్పు చెప్పినవాడి బుద్ధిని శంకించడం ప్రపంచమంతటా ఉంది. సోవియట్ యూనియన్ ఈ పనిలో అపఖ్యాతి మూటగట్టుకుంది. అమెరికాలో కూడా ఇబ్బంది పెట్టే ఫెడరల్ ఉద్యోగులను మానసిక పరీక్షలకు పంపి ఇళ్లకు సాగనంపుతున్నారన్న ఫిర్యాదుల మీద 1978లో కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. సుధాకర్ విషయంలో డాక్టర్ల నిర్ధారణ సరైనదా కాదా అన్నది వైద్యులు తేల్చవలసిన విషయం, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు. సస్పెన్షన్, ఒంటరితనం, ఊళ్లో అవమానం కలిసి ఒక మనిషిని ఎంత కుంగదీయగలవో మాత్రం మరిచిపోకూడదు. మానసికంగా కుంగినవాడు చెప్పిన మాస్కుల లెక్క తప్పయిపోదు కూడా.

తెలుగుదేశం నాయకురాలు వంగలపూడి అనిత వీడియో చూసి హైకోర్టుకు రాసిన లేఖను కోర్టు ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుంది. మేజిస్ట్రేటును ఆసుపత్రికి పంపి వాంగ్మూలం తీసుకోమంది. అక్కడ తేడా బయటపడింది. ప్రభుత్వం తరఫున వచ్చిన వైద్య నివేదికలో ఒక గాయం ఉంది. న్యాయాధికారి చూసి రాసిన నివేదికలో ఆరు గాయాలున్నాయి. మే 22న హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. జూన్‌లో ఆయన ఆసుపత్రి నుంచి బయటికొచ్చారు. తిరిగి డ్యూటీలో చేరకుండానే 2021 మే 21న గుండెపోటుతో మరణించారు. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించి అప్పటికి ఒక్క రోజు తక్కువగా ఏడాది.

చైనాలోని వుహాన్ కంటి డాక్టరు లీ వెన్లియాంగ్ పేరు అప్పట్లో మన పత్రికలన్నీ రాశాయి. కొత్త వ్యాధి గురించి తోటి వైద్యులను హెచ్చరించినందుకు 2020 జనవరి 3న పోలీసులు పిలిచి తప్పుడు ప్రచారం చేశానని సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరి 7న అదే వ్యాధితో చనిపోయాడు. మార్చిలో ప్రభుత్వం విచారణ జరిపి ఆ మందలింపును ఉపసంహరించుకుంది, క్షమాపణ చెప్పింది. చైనాలో వాక్‌స్వాతంత్ర్యం లేదని మన టీవీ చర్చల్లో గంటల తరబడి వాపోయిన ఆ ఏప్రిల్లోనే నర్సీపట్నం ఉత్తర్వు టైపయింది.

*

వనజాక్షి, సుధాకర్‌ల కథల్లో పార్టీల వేషాలు చూడండి. 2015లో వనజాక్షికి న్యాయం చేయాలని వైఎస్సార్ కాంగ్రెస్ వీధికెక్కింది, అసెంబ్లీలో నిలదీసింది. తెలుగుదేశం హద్దుల గురించి మాట్లాడింది. 2020లో సుధాకర్ కోసం తెలుగుదేశం కోర్టు తలుపు తట్టింది. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఆయన ప్రవర్తన గురించి మాట్లాడింది. నాడు హైకోర్టుకు లేఖ రాసిన అనిత 2024 జూన్‌లో రాష్ట్ర హోంమంత్రి అయ్యారు. ప్రతిపక్షంలో ఉండగా నిజం చెప్పే ఉద్యోగి మీద పుట్టుకొచ్చే ప్రేమ, అధికారంలోకి రాగానే చట్టం రూపం ఎందుకు తీసుకోదు అన్నదే అసలు విషయం.

ఆ చట్టం కథా మనవాళ్లతోనే మొదలైంది. తెలుగు న్యాయకోవిదుడు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అధ్యక్షుడిగా ఉన్న లా కమిషన్ 2001 డిసెంబరులో 179వ నివేదిక ఇచ్చింది. ప్రజల మేలు కోరి అవినీతి బయటపెట్టేవాళ్లను కాపాడే చట్టం కావాలని, ముసాయిదాతో సహా చెప్పింది. నివేదిక బీరువాలోకి వెళ్లింది.

మరుసటి ఏడాదే సత్యేంద్ర దూబే అనే యువ ఇంజనీరు ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాశాడు. కాన్పూరు ఐఐటీలో చదివి, జాతీయ రహదారుల సంస్థలో చేరి, జార్ఖండ్‌లో స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనులు చూస్తున్నాడు. నాసిరకం పని, దొంగ లెక్కల సంగతంతా వివరించి, తన పేరు బయటపెట్టవద్దని ప్రత్యేకంగా కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా బల్లలు మారింది. 2003 నవంబరు 27 తెల్లవారుజామున గయలో అతన్ని కాల్చి చంపారు. దేశం ఉలిక్కిపడింది, సుప్రీంకోర్టు నిలదీసింది. 2004 ఏప్రిల్ 21న కేంద్రం ఒక తీర్మానం తెచ్చి, ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే బాధ్యత కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది.

ఆ తీర్మానం ఇప్పటికీ అమల్లో ఉంది. ఫిర్యాదుదారు పేరు కవరు లోపలి ఉత్తరంలో ఉండాలి, పేరులేని ఫిర్యాదు తీసుకోరు, కమిషన్ ఆ పేరును గోప్యంగా ఉంచాలి. అయితే ఇది కేంద్ర ప్రభుత్వ శాఖలకు, కేంద్రం కిందున్న సంస్థలకు మాత్రమే. తాడేపల్లిగూడెం సంగతే తీసుకోండి. రైల్వే స్టేషన్లో పనిచేసే ఉద్యోగికి, ఊరవతల నిట్‌లో పనిచేసే గుమాస్తాకు ఈ కవరు దారి ఉంది. అదే ఊళ్లో మున్సిపల్ ఆఫీసు, తహసీల్దారు ఆఫీసు, ప్రభుత్వ ఆసుపత్రి ఉద్యోగులకు లేదు. వనజాక్షికి లేదు, సుధాకర్‌కు లేదు.

వాళ్లందరికీ వర్తించే చట్టం పార్లమెంటు చేసింది. 2010లో బిల్లు పెట్టారు. 2011 డిసెంబరులో లోక్‌సభ, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ ఆమోదించాయి. 2014 మే 9న రాష్ట్రపతి సంతకం పడింది. రాష్ట్ర ఉద్యోగులు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టిన అధికారికి మూడేళ్ల దాకా జైలు. వేధిస్తే ఆపమని ఆదేశించే అధికారం విచారణ సంస్థలకు ఉంది. అయితే ఫలానా తేదీ నుంచి అమల్లోకి వస్తుందని కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇవ్వాలి. అది ఇవ్వలేదు. ఇవ్వకపోగా 2015 మేలో దేశ భద్రత, రహస్యాల పేరుతో చట్టాన్ని పలుచన చేసే సవరణ బిల్లును లోక్‌సభలో నెగ్గించుకుంది. అది రాజ్యసభ దాటలేక మురిగిపోయింది. తమ్మిలేట్లో పెనుగులాట జరిగిన నాటికి చట్టం పుస్తకంలో ఉంది. నర్సీపట్నం డాక్టరు నోరు విప్పిన నాటికీ పుస్తకంలోనే ఉంది.

*

ఏటి ఇసుక ఒక్క రోజు గొడవ. కొల్లేరుది తరాల గొడవ. 1999 అక్టోబరులో 120వ నంబరు జీవోతో ప్రభుత్వం సముద్రమట్టానికి ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. అయినా 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వేల ఎకరాల చేపల చెరువుల గట్లు తెంచవలసి వచ్చింది. చేపల చెరువు అర్ధరాత్రి తవ్వి తెల్లారేసరికి దాచేది కాదు. పొక్లెయిన్లు వారాల తరబడి తిరగాలి, కరెంటు కనెక్షన్ కావాలి, మేత లారీలు రావాలి. అటవీ గార్డు ఉన్నాడు, గ్రామ రెవెన్యూ ఉద్యోగి ఉన్నాడు, డ్రైనేజీ శాఖ, విద్యుత్ శాఖ ఉన్నాయి. వీళ్లలో ఎవరూ పైకి ఒక్క కాగితం కూడా రాయలేదంటే నమ్మడం కష్టం. రాసినవి ఏ ఫైల్లో ఆగాయన్నదే ఇంకా ఎవరూ వెతకని చరిత్ర. కైకలూరు, ఆకివీడు, ఏలూరు, పెదపాడు వైపు లంక గ్రామాల్లో చెరువులు ఎలా వచ్చాయో, ఎలా పోయాయో, మళ్లీ ఎలా వచ్చాయో వచ్చే వారం నుంచి రెండు భాగాలుగా చెప్పుకుందాం.

ఈలోగా ఒక విన్నపం. 1999 – 2006 మధ్య కొల్లేటి మండలాల్లో రెవెన్యూ, అటవీ, మత్స్య, డ్రైనేజీ శాఖల్లో పనిచేసి రిటైరైనవాళ్లు ఈ పాఠకుల్లో చాలామందే ఉంటారు. ఆ రోజుల్లో మీరు పైకి పంపిన రిపోర్టుల ఆఫీసు కాపీలు, మీకొచ్చిన మెమోలు అటకమీద ఏ ట్రంకు పెట్టెలోనైనా ఉంటే పాత పేపర్లతో కలిపి అమ్మేయకండి. ప్రభుత్వ దఫ్తరంలో ఆ ఫైలు దొరకని రోజున మీ దగ్గరున్న కాపీ ఒక్కటే రుజువు.